మూడోసారి మారిన గొంతు

బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నసిమెంటో గారికి బహిరంగ లేఖ

రాజమహేంద్రవరం

మిల్టన్ గారికి,

ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు. చేరినా మీరు చదవలేని లిపి. మీ పోర్చుగీసు నాకు రాదు, నా తెలుగు మీకు రాదు. ముప్పై ఏళ్లుగా మన మధ్య రాకపోకలు ఇలాగే సాగాయి కాబట్టి నాకిది కొత్తేమీ కాదు. రాస్తున్నది మీ పేరు మీదే అయినా, మీ పాట ఇంకా వినని మావాళ్లు నలుగురు నా భుజం మీంచి తొంగిచూసి చదువుతారన్న ఆశ లేకపోలేదు.

రాయడానికి కారణం మా మిత్రుడొకాయన. వయొలిన్ వాయిస్తాడు. చెవి గట్టిది, నోరు అంతకంటే గట్టిది. 2024 ఆగస్టులో మీరు ఎస్పెరాంజా స్పాల్డింగ్‌తో కలిసి తెచ్చిన ఆల్బమ్ 'మిల్టన్ + ఎస్పెరాంజా' ఆయనకు వినిపించాను. నాలుగు పాటలు విని, కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, "పాపం, పెద్దాయన్ని ఓ మూల కూర్చోనివ్వకుండా ఎందుకండీ ఇలా పాడించారు? గొంతు అయిపోయింది కదా" అన్నాడు. ఆల్బమ్ వచ్చేనాటికి మీకు 81 ఏళ్లు. శ్రుతి మీద పట్టు సడలిన మాట నిజం, ఊపిరి చాలక చరణం మధ్యలో తెగిపోతున్న మాటా నిజం. ఏం చెప్పాలో తోచలేదు. కాఫీ ఇచ్చి పంపించేశాను. ఆయన వీధి మలుపు తిరిగాక చెప్పాల్సిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. నాకెప్పుడూ ఇంతే.

మీ గొంతు నా చెవిన పడింది 1990ల మధ్యలో. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చిన క్యాసెట్లలో 'నేటివ్ డాన్సర్' ఒకటి. వేన్ షార్టర్ పేరు మీద 1975లో వచ్చినది. శాక్సొఫోన్ విందామని పెట్టాను. దానికంటే ముందు ఒక గొంతు వచ్చింది. సన్నగా, బాగా పైన, గుడి అరుగు మీద పిల్లలు ఆడుకుంటూ పాడుకునే పాటలాగా. ఆడమనిషి అనుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరా పిల్ల?" అంది. అట్ట మీద చీమల్లాంటి అక్షరాలు వెతికితే మీ పేరు కనిపించింది.

మగవాడు ఆ స్థాయిలో పాడితే మా దగ్గర దొంగగొంతు అంటారు. తిట్టు కిందే లెక్క. అసలు గొంతుతో అందుకోలేక దొడ్డిదారిన పై షడ్జం చేరుకున్నాడని దాని అర్థం. సంగీతం మేస్టారి చేత ఆ మాట పడని కుర్రాడు అరుదు. మీ గొంతులో ఆ దొంగతనం ఎక్కడ జరిగిందా అని క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. కింద మామూలుగా పాడుతున్న మనిషి ఏ గడప దాటి పైకి వెళ్లాడో, ఆ అతుకు దొరకలేదు.

ఆ పాట 'పోంత ద అరేయ'. బయియా తీరం నుంచి మినాస్ జెరైస్ లోపలి ఊళ్లకు పోయే రైలుదారి ఒకటుండేదనీ, 1966లో దాన్ని మూసేశారనీ, దారిపొడుగునా ఊళ్లు చిన్నబోయాయనీ, ఆ బాధను మీ స్నేహితుడు ఫెర్నాండో బ్రాంట్ మాటల్లో పెట్టారనీ నాకు పదేళ్ల తరవాత గానీ తెలియలేదు. విన్నరోజున తెలిసింది ఒక్కటే. తొడ మీద తాళం వేస్తుంటే ఎనిమిది దగ్గర ఆగడం లేదు, తొమ్మిదికి పోతోంది. మా లెక్కలో సంకీర్ణం. మా కచేరీల్లో ఆ లెక్క వస్తే మృదంగం వాళ్లు నుదురు చిట్లిస్తారు. మీరేమో దాన్ని ఉయ్యాల ఊపినట్టు ఊపేశారు.

తరవాత మీ గురించి దొరికినదల్లా చదివాను. 1942 అక్టోబరు 26న రియోలో పుట్టారు. కన్నతల్లి మరియా దో కార్మో ఇళ్లలో పనిచేసేవారు. మీకు ఊహ తెలియకముందే క్షయతో పోయారు. మిమ్మల్ని పెంచుకున్న లీలియా, జోజీనో దంపతులు తెల్లవాళ్లు. వాళ్లతో మినాస్ జెరైస్‌లోని త్రేస్ పోంతాస్ అనే చిన్న ఊరు చేరారు. పెంచిన తల్లి సంగీతం నేర్పేవారు. తండ్రి బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఊరి రేడియో స్టేషన్ కూడా చూసేవారు. చేతికొచ్చిన మొదటి వాద్యం బుల్లి అకార్డియన్. ముద్దుపేరు బిటూకా.

చిన్నప్పుడు మీకు ఆడవాళ్ల పాటే పాటట. మగవాళ్లు బలం చూపించుకుంటారు తప్ప మనసుపెట్టి పాడరని మీ లెక్క. అందుకే గొంతు మారే వయసు వచ్చేసరికి హడలిపోయారు. ఇక తనకు పాట లేదనుకున్న ఆ కుర్రాడికి రేడియోలో రే చార్ల్స్ 'స్టెల్లా బై స్టార్‌లైట్' వినిపించింది. మగగొంతులో కూడా మనసు ఉంటుందని అప్పుడు తెలిసి కుదుటపడ్డానని మీరే చెప్పుకున్నారు. అది చదివాక, నాకు దొరకని అతుకు సంగతి అర్థమైంది. మేమందరం పదమూడో పద్నాలుగో ఏట పాత గొంతు పారేసి కొత్తది తొడుక్కుంటాం. మీరు కొత్తది తీసుకున్నారు గానీ పాతదాన్ని పారెయ్యలేదు. రెండూ దగ్గరే ఉంచుకున్నారు.

గొంతు మారడం మీకు అది మొదటిసారి.

1963లో బెలో హొరిజాంటె వెళ్లి ఆఫీసులో టైపిస్టుగా చేరారు. లేవీ బిల్డింగులో అద్దెకున్నారు. అందులోనే బోర్జెస్ వాళ్ల ఇల్లు, పదకొండుమంది పిల్లలు. వాళ్లలో 'లో' అనే పిల్లవాడు ఒకరోజు అమ్మ చెప్పిన పనిమీద మెట్లు దిగుతూ, మెట్ల మీద గిటారు పట్టుకుని కూర్చున్న మీ దగ్గర ఆగిపోయాడు. ఆ తల్లికి కావలసిన సరుకు ఆ రోజు ఎన్నింటికి చేరిందో ఎవరూ రాయలేదు. వాళ్ల అన్న మార్సియో 1964లో మిమ్మల్ని ట్రూఫో తీసిన 'జూల్ ఎ జిమ్' సినిమాకు తీసుకెళ్తే, ఇద్దరూ ఆట మీద ఆట చూసి బయటికొచ్చి పాటలు కట్టడం మొదలుపెట్టారు. 1966లో గాయని ఎలిస్ రెజీనా మీ పాట రికార్డు చేశారు. 1967లో గాయకుడు అగోస్తిన్యో దోస్ శాంతోస్ మీకు మాటమాత్రంగానైనా చెప్పకుండా మీ పాటలు మూడు అంతర్జాతీయ పాటల పోటీకి పంపించారు. మూడూ ఎంపికయ్యాయి, 'ట్రవెసియా'కు రెండో బహుమతి వచ్చింది. అక్కడితో టైపు మిషనుకు సెలవు.

దేవుడు పాడితే మీ గొంతుతోనే పాడతాడని ఎలిస్ అన్నారని, మీ గురించి రాసే ప్రతివాళ్లూ రాస్తారు. నేను ఆ దారిన పోదలుచుకోలేదు. దేవుడికి శ్రుతి తప్పదు, ఆయాసం రాదు. నేను మాట్లాడుతున్నది రెండూ వచ్చిన మనిషి గురించి.

బోర్జెస్ వాళ్లు తరవాత శాంతా తెరెజా పేటలో ఉన్నారు. దివినోపోలిస్, పరైసోపోలిస్ అని రెండు వీధులు కలిసేచోట కుర్రాళ్లు రోడ్డువార గట్టు మీద గిటార్లతో కూర్చునేవారు. పిల్లలేరని ఎవరైనా అడిగితే వాళ్ల అమ్మ "అదుగో, ఆ మూల క్లబ్బులో" అనేవారట. క్లబ్బూ లేదు, చందాలూ లేవు. ఆ పేరే 1972లో రెండు ఎల్పీల ఆల్బమ్‌కు పెట్టారు, 'క్లూబె ద ఎస్కీనా' అని. 21 పాటలు. ఇరవయ్యేళ్ల లో బోర్జెస్ పేరు మీ పేరు పక్కన సమానంగా ఉండాలని పట్టుబట్టారు. ఎవరికీ తెలియని కుర్రాడు, పైగా రెండు ఎల్పీలు అని కంపెనీ నసిగినా మీరు తగ్గలేదు. అట్ట మీద మీ ఫొటో లేదు, పేరు కూడా లేదు. మట్టిరోడ్డు పక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు, ఒకడు నల్లవాడు, ఒకడు తెల్లవాడు. ఫొటో తీసింది కఫీ అనే ఫొటోగ్రాఫర్. ఆ ఇద్దరు పిల్లల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. (ఇది మీకు కాదు, భుజం మీంచి చదివేవాళ్లకు.)

రెండోసారి మీ గొంతు మారింది 1973లో. ఈసారి వయసు వల్ల కాదు. 1964 నుంచి సైన్యం చేతిలో ఉన్న ప్రభుత్వం మీ 'మిలాగ్రె దోస్ పేషిస్' రికార్డుకు రాసిన పాటల్లో కొన్నింటి సాహిత్యాన్ని సెన్సారు చేసింది. ఇలాంటప్పుడు ఎవరైనా చేసేపని, మాట మార్చి రాసి మళ్లీ పంపించడం. లేదా ఆ పాట పక్కన పెట్టేసి ఇంకొకటి కట్టడం. మీరు పాట ఉంచారు, మాట తీసేశారు. వరసకు వరస అలాగే ఉంది, గిటారు అలాగే ఉంది. మాట ఉండాల్సిన చోట కేక, మూలుగు, ఈల, దొంగగొంతు, నానా వాస్కొన్సెలోస్ డప్పులు. మనిషి నోరు నొక్కితే ముక్కులోంచి వచ్చే శబ్దం ఎలా ఉంటుందో అలాంటివి కూడా ఉన్నాయి.

మాకు ఆలాపన కొత్త కాదు. మాట లేకుండా గంటసేపు రాగం విని ఇంటికెళ్లే జాతి మాది. కానీ మా ఆలాపనలో మాట లేదన్న లోటు ఉండదు. మీ రికార్డులో అడుగడుగునా ఆ లోటు వినిపిస్తుంది. ఇక్కడేదో ఉండేది, తీసుకుపోయారు అని తెలుస్తూనే ఉంటుంది. గోడ మీద పటం తీసేశాక మిగిలే తెల్లటి చదరం ఉంటుందే, అది. ఆ రికార్డు విని ఏం తీసేశారో తెలుసుకోవడానికి పోర్చుగీసు వచ్చినవాడికీ వీల్లేదు, నాకూ వీల్లేదు. మీ దేశం వాళ్లకూ నాకూ ఒకే టిక్కెట్టు ఇచ్చిన రికార్డు మీది అదొక్కటే. అందుకే నాకు అదంటే కొంచెం పక్షపాతం. 1983లో వచ్చిన 'కొరసావ్ ద ఇస్తుదాంతె' మరుసటేడు నేరుగా ఎన్నికలు కావాలని వీధుల్లోకి వచ్చిన జనానికి పాటయింది. దాని గొప్ప దానిదే. నేను మాత్రం మాట లేని 1973 దగ్గరే ఆగిపోతాను.

ఇక మూడోసారి, ముసలితనం వల్ల. 2022 నవంబరు 13న బెలో హొరిజాంటెలో మినైరావ్ స్టేడియంలో ఆఖరి కచేరీ చేసి వేదికకు సెలవు చెప్పారు. (బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు 2014లో జర్మనీ చేతిలో 7-1తో ఓడిన మైదానం అదే. ఆ నేల మీద జనం ఏడవడం అది మొదటిసారి కాదు.) వేదికకే సెలవు, సంగీతానికి కాదని ముందే చెప్పారు కాబట్టి, కొత్త ఆల్బమ్ మాట తప్పడం కిందికి రాదు.

ఎస్పెరాంజా 1984లో పుట్టిన అమెరికా అమ్మాయి. బేస్ వాయిస్తూ పాడుతుంది. నేను విన్న 'నేటివ్ డాన్సరే' ఆమెనూ మీ దాకా తెచ్చింది. 2008లో ఆమె తన పేరుతో తెచ్చిన ఆల్బమ్‌లో మొదటి పాట 'పోంత ద అరేయ'. 2010లో ఆమె రికార్డులో మీరు పాడారు. కాబట్టి ఇది ఎవరో కంపెనీవాళ్లు పెద్దాయనకు చిన్నమ్మాయిని జతచేసిన బేరం కాదు. పాటలు ఎంచడం, వాద్యాలు అమర్చడం, రికార్డు నడిపించడం ఆమె చేతి మీద జరిగాయి. మీ గొంతును మిషన్లో పెట్టి ఇస్త్రీ చెయ్యలేదు. ఈ రోజుల్లో శ్రుతి సరిచెయ్యడం నిమిషాల పని. అది చెయ్యకపోవడం ఆమె తీర్పు. ఆ తీర్పుకు నా ఓటు.

'పనాయిర్' పాట తీసుకోండి. మీ భాషలో సౌదాదె అనే మాటకు ఇంకో భాషలో సాటి లేదని పుస్తకాలవాళ్లు బల్లగుద్ది రాస్తారు. మా బెంగ విని ఉండరు వాళ్లు. పనాయిర్ విమానాల మీద బెంగ, అదీ ఆ పాట పేరు. పనాయిర్ ఒకప్పుడు బ్రెజిల్లో పెద్ద విమాన కంపెనీ. 1965లో సైనిక ప్రభుత్వం దాని అనుమతులు రద్దుచేసి ఒక్క దెబ్బతో మూయించింది. దాదాపు పదేళ్లు గడిచాక మీరూ బ్రాంటూ ఆ విమానాల మీద పాట కట్టారు. బారులో కూర్చుని చిన్ననాటి విమానాలు తలుచుకుంటే ఎవరు తప్పు పట్టగలరు? వినేవాళ్లకు మాత్రం పోయింది విమానాలొక్కటే కాదని తెలుసు. కొత్త ఆల్బమ్‌లో ఈ పాటను లియాన్ లా హవాస్, మరియా గదూ, టిమ్ బెర్నార్దెస్, ఎస్పెరాంజా అందుకుంటుంటే మీరు మధ్యలో ఉన్నారు. అప్పటికి వాళ్లలో ఎవరూ పుట్టలేదు. ఎప్పుడూ ఎక్కని విమానాల మీద వాళ్లకెందుకింత బెంగ అంటే, గట్టు మీద కూర్చున్నాక అన్నగారి బెంగ తమ్ముళ్లకు అంటుకుంటుంది మరి.

'మోరో వెల్యో' దగ్గర నేను మా వయొలిన్ మిత్రుడితో తగువుకు సిద్ధం. ఆ పాట మాటలు కూడా మీవే. తోటల ఊళ్లో ఇద్దరు పిల్లలు. ఒకడు దొర కొడుకు, ఒకడు పాలేరు కొడుకు, తెల్లవాడు, నల్లవాడు. కలిసి ఆడుకుంటారు, చేపలు పడతారు. దొర కొడుకు చదువుకు పట్నం పోతాడు. వచ్చేటప్పుడు పెళ్లాంతో, దొరగా వస్తాడు. రెండోవాడు ఆడుకోవడం మానేసి పనిలో ఉన్నాడు. గొడవ లేదు, కన్నీళ్లు లేవు, కథ అంతే. అట్ట మీద మట్టిరోడ్డు పక్క ఇద్దరు పిల్లల్ని ఎందుకు గుర్తుంచుకోమన్నానో ఇప్పుడు తెలుస్తుంది. 1967లో మీరు ఈ పాట పాడినప్పుడు మీకు పాతికేళ్లు నిండలేదు. గొంతు ఎక్కడా తొణకలేదు. ఎవరి కథో ఎంతో అందంగా చెబుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఓరో ప్రేతో ఆర్కెస్ట్రా తీగలు వెనక నిలబడగా, అదే పాట ఎనభై దాటిన గొంతుతో వస్తుంటే, చెబుతున్నవాడు తోటలో ఉండిపోయిన ఆ రెండోవాడు. ఊపిరి తెగే చోట అతను నడుము పట్టుకుని ఆగుతున్నాడు. ఈ పాటకు కావలసిన గొంతు ఇది. కుర్రతనంలో ఎంత ఎత్తుకు పాడినా ఇది వచ్చేది కాదు. రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

అన్నీ ఇలా ఉన్నాయని చెప్పను. పదహారు ముక్కల ఆల్బమ్‌లో జనం ఎక్కువయ్యారు. పెళ్లింట్లో పెద్దాయన్ని పలకరించడానికి వచ్చినవాళ్లే ఆయన్ని కనపడకుండా చేసినట్టు, కొన్నిచోట్ల మీకోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మైకేల్ జాక్సన్ 'ఎర్త్ సాంగ్' ఎందుకు పెట్టారో నాకు ఒంటబట్టలేదు. బీటిల్స్ పాట ఉన్నందుకు అభ్యంతరం లేదు, శాంతా తెరెజా గట్టు మీద బీటిల్స్ మొదటినుంచీ ఉన్నారు. ఒంటికాలి మీద గెంతే, ఎర్రటోపీ అల్లరి దెయ్యం 'ససీ' మీద స్వరకర్త గింగా పాట ముచ్చటగా ఉంది. కానీ పాటల మధ్య కబుర్లు మొదటిసారి బాగుంటాయి, నాలుగోసారి దాటేస్తాం. నాకు కావలసింది ఒక్క పాట, మీరూ గిటారూ, గదిలో ఇంకెవరూ లేకుండా. అది దొరకలేదు. పాతికేళ్ల కింద అడగాల్సిన కోరిక ఇప్పుడు అడగడం నాదే తప్పు కావచ్చు.

2025 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ సభలో మీ సంగతి మా పేపర్లలో నా కంటపడలేదు. జాజ్ గాత్రం విభాగంలో మీ ఆల్బమ్ పోటీలో ఉంది. ఎస్పెరాంజాకు కింద బల్ల దగ్గర కుర్చీ ఇచ్చి, 82 ఏళ్ల మిమ్మల్ని పైన జనం కూర్చునే గ్యాలరీకి పొమ్మన్నారని మీవాళ్లు చెప్పారు. మీరు వెళ్లలేదు. 1972లో ఇరవయ్యేళ్ల కుర్రాడికి తన పక్కన సమానంగా చోటు ఇప్పించడానికి కంపెనీతో తగువు పడ్డ మనిషికి ఇది జరిగింది. ఎస్పెరాంజా మీ ఫొటో అట్ట పట్టుకొచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంది. బహుమతి వేరేవాళ్లకు పోయింది. 

అదే ఏడు అక్టోబరులో మీ అబ్బాయి మీ జబ్బు సంగతి బయటపెట్టారు, జ్ఞాపకాలను తినేసే జబ్బని. నవంబరు 2న లో బోర్జెస్ పోయారు. మెట్లు దిగిన పిల్లవాడికి 73 ఏళ్లు. మీకు ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో తెలుసుకునే హక్కు నాకు లేదు. ఆ రాత్రి 'క్లూబె ద ఎస్కీనా' రెండు ఎల్పీలూ మొదటినుంచి చివరిదాకా విన్నాను. మామూలుగా నాకు లో బోర్జెస్ పాటలు రాగానే తెలుస్తుంది, గొంతు వేరు కదా. ఆ రోజు ఒకటి రెండుచోట్ల ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను.

మా మిత్రుణ్ణి మళ్లీ పిలిచాను. ఈసారి ముందేమీ చెప్పకుండా 'మోరో వెల్యో' రెండూ వరసగా వినిపించాను, 1967ది, 2024ది. కథ మాత్రం తెలుగులో చెప్పాను. విన్నంతసేపు ఎడమచెయ్యి వేళ్లు మోకాలి మీద తీగలు నొక్కుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. అయ్యాక, "శ్రుతి తక్కువేనండీ, అందులో నా మాట మారదు" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, రెండోది పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచమన్నాడు.

ఇట్లు,
మీ శ్రోత

తా.క.: మా ఇంట్లో మిమ్మల్ని ఇప్పటికీ "ఆ పిల్ల" అనే అంటుంది మా ఆవిడ. నచ్చజెప్పే ప్రయత్నం మానేసి చాలాకాలమైంది. మన్నించగలరు.